అమైలాయిడ్ పరీక్షకు రెడీమేడ్ కాంగో రెడ్ కిట్: వాడి చూశాక నా అభిప్రాయం

కణజాలంలో అమైలాయిడ్ (తప్పుగా మడతపడి అవయవాల్లో పేరుకునే ప్రొటీన్ పదార్థం) ఉందో లేదో తేల్చవలసి వచ్చినప్పుడు హిస్టోపాథాలజీ (కణజాల పరీక్ష) ల్యాబులు నేటికీ మొదట ఆశ్రయించేది కాంగో రెడ్ రంగునే. పొడి కొని ద్రావణాలు సొంతంగా కలుపుకోవడం పెద్ద ఆసుపత్రుల ల్యాబులకు ఎప్పటినుంచో అలవాటు. అరుదుగా మాత్రమే ఇలాంటి బయాప్సీలు వచ్చే చిన్న ల్యాబులు ఇప్పుడు సీసాల్లో సిద్ధంగా దొరికే కిట్‌లను తెప్పించుకుంటున్నాయి. మా ల్యాబులో సొంత ద్రావణాలతో పాటు ఒక దేశీయ కంపెనీ కిట్‌ను కూడా చాలాకాలంగా వాడుతున్నాం. కొనాలనుకునేవారికి పనికివచ్చేలా దాని మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక కంపెనీ మీద ఫిర్యాదు కాదు, ఈ తరహా కిట్‌ను ఎలా పరీక్షించి తీసుకోవాలో చెప్పే ప్రయత్నం.

ముందుగా నా నిర్ణయం చెబుతాను. ఒక్క క్షారం సీసా తప్ప ఈ కిట్‌లోని రసాయనాలు నమ్మదగినవి, దానితో వచ్చే సూచనల పత్రం మాత్రం నమ్మదగినది కాదు. సెక్షన్ (పరీక్షకోసం కోసిన కణజాలపు పలుచని పొర) మందం, కంట్రోల్ స్లైడ్ (ఫలితం ముందే తెలిసిన పోలిక స్లైడ్), ధ్రువిత కాంతిలో (ఒకే తలంలో కంపించే కాంతిలో) చూడగల మైక్రోస్కోప్, ఈ మూడూ సరిగా ఉన్న ల్యాబుకు కిట్ చక్కగా ఉపయోగపడుతుంది. వాటిలో ఏ ఒక్కటి లోపించినా, ఎంత ఖరీదైన కిట్ తెప్పించినా, చివరికి ఇచ్చే రిపోర్టు మీద ఆధారపడి చికిత్స మొదలుపెట్టడం రోగికి ప్రమాదం.

అమైలాయిడ్ అంటే ఏదో ఒక ప్రొటీన్ కాదు. మామూలుగా కరిగి ఉండవలసిన వేర్వేరు ప్రొటీన్లు తప్పుగా మడతపడి, ఒకదానితో ఒకటి పేరుకొని, కరగని సన్నని పోగులుగా మారి అవయవాల్లో నిలిచిపోయినప్పుడు ఆ పదార్థాన్ని అమైలాయిడ్ అంటారు. ఒక్కో పోగు మందం సుమారు 10 నానోమీటర్లు. అందులో బీటా పోచలు (ప్రొటీన్ గొలుసులో సాగి ఉండే భాగాలు) పోగు నిడివికి అడ్డంగా, సుమారు 4.7 ఆంగ్‌స్ట్రామ్‌ల (0.47 నానోమీటర్ల) ఎడంతో వరుసగా పేర్చి ఉంటాయి. ప్రొటీన్ ఏదైనా ఈ అమరిక తీరు ఒక్కటే కాబట్టి ఒకే రంగు అన్ని రకాల అమైలాయిడ్‌నూ పట్టుకోగలుగుతుంది. 1854లో రుడాల్ఫ్ విర్షో ఈ పదార్థాన్ని అయోడిన్‌తో పరీక్షించి, అది పిండిపదార్థం కోవకు చెందినదని భావించాడు. 1859లో ఫ్రీడ్‌రైష్, కెకూలే అది ప్రధానంగా ప్రొటీన్ అని చూపారు.

కాంగో రెడ్ పుట్టింది ల్యాబు కోసం కాదు, బట్టల అద్దకం కోసం. జర్మనీలో పాల్ బోటిగర్ 1883లో దీన్ని తయారుచేశాడు. నూలుకు నేరుగా అంటుకోవడమే అప్పట్లో దాని గొప్పతనం. మన పెడన, మచిలీపట్నం కలంకారీలో ఎరుపు నిలవాలంటే ముందుగా బట్టకు కరక్కాయ, పటిక పట్టించవలసి ఉంటుంది. కాంగో రెడ్‌కు ఆ పని అక్కరలేదు. పొడవుగా, చదునుగా ఉండే దాని అణువు నూలు పోగు వెంబడి బారుగా ఒదిగిపోతుంది. అమైలాయిడ్ పోగు మీద కూడా అది అదే తీరున ఒదుగుతుందన్నది ఈ పరీక్షకంతటికీ ఆధారం. 1922లో హాన్స్ బెన్‌హోల్డ్ ఈ రంగు అమైలాయిడ్‌ను పట్టుకుంటుందని చూపాడు. 1927లో డివ్రీ, ఫ్లోర్కిన్ ధ్రువిత కాంతిలో దాని ద్వివక్రీభవనాన్ని (లోపలికి వచ్చిన కాంతిని రెండుగా చీల్చే గుణాన్ని) గమనించారు. 1962లో పుచ్‌ట్లర్, ఆమె సహచరులు ఉప్పు, క్షారం, ఆల్కహాల్ కలిపిన పద్ధతిని ప్రకటించారు. నేను వాడుతున్న కిట్ ఈ పుచ్‌ట్లర్ పద్ధతినే అనుసరిస్తుంది, నా దృష్టిలో ఇది సరైన ఎంపిక.

ఎందుకు సరైనదో కొంచెం వివరించాలి. అంతకుముందు ప్రచారంలో ఉన్న హైమన్ పద్ధతిలో సెక్షన్‌కు రంగు బాగా పట్టించి, ఆ తర్వాత క్షారం కలిపిన ఆల్కహాల్‌లో కొన్ని సెకన్ల పాటు ముంచి, అదనపు రంగును తొలగించాలి. ఆ కొన్ని సెకన్లు ఎన్ని అన్నది టెక్నీషియన్ కంటిచూపు మీద ఆధారపడి ఉంటుంది. తక్కువైతే కణజాలాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ ప్రొటీన్ కూడా ఎర్రగా మిగులుతుంది, ఎక్కువైతే అమైలాయిడ్ నుంచే రంగు పోతుంది. పుచ్‌ట్లర్ పద్ధతిలో ఆ దశే లేదు. ద్రావణంలో అధికంగా ఉన్న ఉప్పు, స్వల్పంగా కలిపే క్షారం కలిసి, కణజాలంలోని ఇతర ప్రొటీన్లకు రంగు విద్యుదావేశాల వల్ల అంటుకోకుండా అడ్డుపడతాయి. అందువల్ల అమైలాయిడ్‌తో ఏర్పడే బంధమే ముఖ్యంగా మిగులుతుంది. చేయితిరిగిన టెక్నీషియన్ సెలవులో ఉన్న రోజున కూడా ఫలితం పెద్దగా మారకపోవడం చిన్న ల్యాబుకు ఎంత మేలో వేరే చెప్పనవసరం లేదు.

కిట్‌లో నాలుగు సీసాలు వస్తాయి. ఒకదానిలో కేంద్రకాలకు నీలం రంగు వేసే మేయర్ హెమటాక్సిలిన్, రెండోదానిలో ఉప్పుతో సంతృప్తమైన 80 శాతం ఆల్కహాల్, మూడోదానిలో అదే ఆల్కహాల్‌లో కరిగించిన కాంగో రెడ్, నాలుగోదానిలో 1 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ఉంటాయి. పారఫిన్ మైనం తొలగించి నీటికి తెచ్చిన సెక్షన్‌ను హెమటాక్సిలిన్‌లో ఉంచి, కుళాయి నీటిలో బాగా కడిగి, క్షారం కలిపిన ఉప్పు ఆల్కహాల్‌లో 20 నిమిషాలు, ఆ తర్వాత మధ్యలో కడగకుండానే, క్షారం కలిపి వడపోసిన కాంగో రెడ్‌లో మరో 20 నిమిషాలు ఉంచాలి. చివరగా శుద్ధ ఆల్కహాల్‌లో త్వరత్వరగా ముంచి తీసి, జైలీన్‌లో ఉంచి, కవర్‌స్లిప్ వేయాలి. ఆల్కహాల్‌లో తాత్సారం చేస్తే రంగు దిగిపోతుంది. ప్రతి 100 మిల్లీలీటర్ల ద్రావణానికి 1 మిల్లీలీటరు క్షారం కలపాలి, కలిపిన తర్వాత 15 నిమిషాల లోపే సెక్షన్లు అందులోకి వెళ్లాలి. ఈ నియమాన్ని సూచనల పత్రం స్పష్టంగానే చెప్పింది. ఉదయాన్నే కలిపి పెట్టుకొని సాయంత్రం దాకా అదే వాడుకుందామనుకునే ల్యాబులు ఈ మాటను గోడమీద రాసి పెట్టుకోవడం మంచిది.

కాంగో రెడ్ సీసా మూత తీయగానే అడుగున తెల్లని ఉప్పు, దాని మీద ముదురు ఎరుపు మడ్డి కనిపిస్తాయి. సరుకు చెడిపోయిందనుకొని సీసాలను తిప్పి పంపినవారు నాకు తెలుసు. ద్రావణం సంతృప్తం కాబట్టి అడుగున ఉప్పు మిగలడమే సరైన స్థితి, అది కనిపించకపోతేనే అనుమానించాలి. సీసాను కుదపకుండా పైతేటను మాత్రమే తీసి, వడపోత కాగితం గుండా పోయాలి. పత్రంలో ఈ సంగతికి చోటు లేదు. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఈ పని చేసేటప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. మూతలేని జాడీలో ఆల్కహాల్ ఆవిరై, స్లైడ్ మీద ఉప్పు పలుకులు, రంగు రేణువులు పేరుకుంటాయి. మామూలు కాంతిలో ఉప్పు పలుకులు చదరపు గళ్లుగా కనిపిస్తాయి కానీ, అవి ఘనాకార స్ఫటికాలు కనుక ధ్రువిత కాంతిలో మాయమవుతాయి. రంగు రేణువులు అలా కాదు, అక్కడక్కడా మెరుస్తూ, అలవాటు లేని కంటిని తప్పుదారి పట్టిస్తాయి. అవి సెక్షన్ తలం కంటే కాస్త పైన ఉంటాయి కాబట్టి ఫోకస్ మార్చి చూస్తే బయటపడతాయి. మూతబిగిసిన కాప్లిన్ జాడీలు (స్లైడ్లు నిలబెట్టే చిన్న గాజు జాడీలు), ప్రతిసారీ వడపోత, ఈ రెండూ పాటిస్తే ఈ బెడద దాదాపు ఉండదు.

నాలుగో సీసా గురించి కంపెనీ తప్పక ఆలోచించాలి. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం మూత తీసిన ప్రతిసారీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని కొద్దికొద్దిగా కార్బొనేట్‌గా మారుతుంది. అరుదుగా వాడే ల్యాబుకోసం తయారుచేసిన కిట్‌లో దాన్ని పెద్ద సీసాలో ఇవ్వడం వల్ల, కిట్ సగం మిగిలి ఉండగానే క్షారం బలం తగ్గుతుంది. మా స్లైడ్లలో కొల్లాజెన్‌కు, కండరానికి లేత గులాబి రంగు రావడం మొదలైనప్పుడు, అదే కిట్‌లోని కాంగో రెడ్‌కు అప్పటికప్పుడు తయారుచేసిన క్షారాన్ని కలిపి చూశాం, నేపథ్యం మళ్లీ తేటపడింది. చిన్న చిన్న ఆంప్యూళ్లలో క్షారం ఇస్తే ఈ ఇబ్బంది పూర్తిగా తొలగిపోతుంది. అప్పటిదాకా ఆ ఒక్క సీసాను పక్కనపెట్టి, క్షారాన్ని ల్యాబులోనే తాజాగా తయారుచేసుకోమని నా సలహా.

ఇక సూచనల పత్రం అసలు లోపానికి వస్తాను. సెక్షన్లు ఎంత మందంలో కోయాలో అందులో లేదు. మామూలు హెమటాక్సిలిన్, ఇయోసిన్ స్లైడ్లకు కోసినట్టే 3 లేదా 4 మైక్రాన్ల మందంలో కోస్తే, కొద్దిపాటి అమైలాయిడ్ ఉన్న కేసు కంటికి ఆనకుండా జారిపోతుంది. మూత్రపిండం బయాప్సీలను ఇంకా పలుచగా కోయడం ఆనవాయితీ కాబట్టి అక్కడ ప్రమాదం మరీ ఎక్కువ. ఈ పరీక్షకు 8 నుంచి 10 మైక్రాన్ల మందం ఉండాలి. సెక్షన్లు కోసే యంత్రమైన మైక్రోటోమ్ దగ్గర కూర్చున్న టెక్నీషియన్‌కు రిక్విజిషన్ ఫారం మీదే ఈ సంఖ్య రాసి పంపాలి.

అంతకంటే పెద్ద లోపం ఫలితాలు చదవడం గురించి రాసిన వాక్యంలో ఉంది. అమైలాయిడ్ ఎరుపు, కేంద్రకాలు నీలం అని పట్టికలో రాసి అంతటితో ఊరుకున్నారు. ధ్రువిత కాంతి ప్రస్తావన చివరి పుటలో, అదీ చేస్తే చేయవచ్చన్న ధోరణిలో ఉంది. ఇది చాలా తప్పు. మామూలు కాంతిలో ఎర్రగా కనిపించడం అమైలాయిడ్‌కు రుజువు కాదు. ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాల్లోని రేణువులకు, పేగులోని పానెత్ కణాల రేణువులకు, కొన్నిసార్లు ఎలాస్టిక్ తంతువులకు కూడా కాంగో రెడ్ పడుతుంది. ఒకదానికొకటి లంబంగా ఉంచిన పోలరైజర్, అనలైజర్ అనే రెండు ధ్రువణ ఫిల్టర్ల మధ్య చూసినప్పుడు, రంగు పట్టిన చోటే ఆకుపచ్చ మెరుపు కనబడితేనే అమైలాయిడ్ అని రాయాలి.

ఆ మెరుపు ఎలా ఉంటుందో ఒక మూత్రపిండం స్లైడ్ ఆధారంగా చెబుతాను. మామూలు కాంతిలో గ్లోమెరులస్ (రక్తాన్ని వడపోసే సన్నని రక్తనాళాల ఉండ) నడుమ మెసాంజియం ప్రాంతం లేత ఇటుకరంగులో, నిర్మాణం లేని ముద్దలా కనిపిస్తుంది. పక్కనున్న చిన్న ధమని గోడ కూడా అదే రంగులో మందంగా ఉంటుంది. అనలైజర్‌ను అడ్డం తిప్పి, దీపం వెలుగును పూర్తిగా పెంచితే చుట్టూ చీకటి పరచుకొని, ఆ ధమని గోడలో కొన్ని ముక్కలు పచ్చి యాపిల్ రంగులో వెలుగుతాయి. స్టేజిని నెమ్మదిగా తిప్పితే ఒక ముక్క ఆరిపోయి దాని పక్క ముక్క వెలుగుతుంది, ఎందుకంటే గోడ వంపు వెంబడి పోగుల దిశ మారుతూ ఉంటుంది. అదే సమయంలో గ్లోమెరులస్ చుట్టూ ఉన్న ఫైబ్రస్ కణజాలంలోని కొల్లాజెన్ కూడా మెరుస్తుంది, అయితే అది వెండిలాంటి తెలుపు. ఈ రెండు మెరుపుల తేడా ఒకసారి బాగా చూసిన కన్ను మళ్లీ పొరబడదు. పోలరైజర్ కచ్చితంగా లంబంగా లేకపోతే ఆకుపచ్చకు బదులు ఒకవైపు పసుపు, మరోవైపు నీలం ఛాయలు వస్తాయి. సెక్షన్ మరీ మందమైనా పసుపు, నారింజ ఛాయలు కనిపిస్తాయి. అవి చూసి నెగెటివ్ అని రాసేయకుండా ముందు పోలరైజర్ కోణాన్ని సరిచూసుకోవాలి. ప్లాస్టిక్ కవర్‌స్లిప్‌లు తామే కాంతిని ద్వివక్రీభవనం చేస్తాయి కాబట్టి గాజువే వాడాలి. దీపం బలహీనంగా ఉన్న పాత మైక్రోస్కోప్‌కు పోలరైజర్ ఫిల్ములు తగిలించి ఈ పరీక్ష చేయడం కంటే, స్లైడ్‌ను మంచి మైక్రోస్కోప్ ఉన్న చోటికి పంపడం మేలు.

పత్రం మరచిపోయిన మూడో విషయం కంట్రోల్. ప్రతి విడతలోనూ అమైలాయిడ్ ఉన్నట్టు ముందే రుజువైన కణజాలం స్లైడ్ ఒకటి తోడుగా ఉండాలి. కిట్‌తో పాటు కంట్రోల్ స్లైడ్లు అమ్మే పద్ధతి కూడా ఉంది కానీ, అమైలాయిడ్ సెక్షన్లను కోసి నెలల తరబడి నిల్వ ఉంచితే రంగు పట్టే గుణం తగ్గుతుంది. కాబట్టి కోసి పెట్టిన స్లైడ్లు కొనడం కంటే, పాజిటివ్ బ్లాకు (కణజాలం పొదిగిన మైనపు దిమ్మ) ఒకటి దాచుకొని అవసరమైనప్పుడు తాజాగా కోసుకోవాలి. కణజాలం ఫార్మలిన్‌లో మితిమీరి నానినా రంగు తీవ్రత తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. కంట్రోల్‌లోనూ అమైలాయిడ్ తక్కువగా ఉన్న బ్లాకును ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. గోడంత అమైలాయిడ్ ఉన్న ప్లీహపు ముక్క ఎంత బలహీనమైన ద్రావణంలోనైనా ఎర్రబడుతుంది, దాన్ని చూసి కిట్ బాగుందనుకోవడం సరికాదు.

ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ ఉన్న ల్యాబుకు ఈ కిట్ మరో మేలు చేస్తుంది. కాంగో రెడ్ పట్టిన అమైలాయిడ్ ఆకుపచ్చ కాంతిని గ్రహించి ఎర్రగా వెలుగుతుంది. ధ్రువిత కాంతిలో అనుమానంగా మిగిలిన చిన్న ముక్కలు, ముఖ్యంగా పొట్ట కొవ్వు నుంచి సూదితో తీసిన నమూనాల్లో, ఇలా సులభంగా బయటపడతాయి. అదే స్లైడ్‌ను మళ్లీ ధ్రువిత కాంతిలో నిర్ధారించుకోవచ్చు. ఇంత ఉపయోగకరమైన విషయాన్ని కిట్ తయారీదారు ఒక్క మాటలోనైనా చెప్పకపోవడం నాకు బాధ కలిగించింది.

అమైలాయిడ్‌కు అంటుకుని వెలిగే మరో రకం రంగులైన థయోఫ్లావిన్‌లతో కాంగో రెడ్‌ను పోలిస్తే ఎలా అని పరిశోధక మిత్రులు అడుగుతుంటారు. 1959లో వాసర్, కల్లింగ్ ప్రవేశపెట్టిన థయోఫ్లావిన్ టి పరీక్షనాళికలో ప్రొటీన్ పోగులు ఎంత వేగంగా ఏర్పడుతున్నాయో కొలవడానికి నిజంగా అనువైనది. ఆ అణువులోని రెండు భాగాలు ద్రావణంలో స్వేచ్ఛగా తిరుగుతున్నంతసేపూ వెలుగు ఉండదు. పోగు గాడిలో చిక్కుకుని ఆ తిరగడం ఆగినప్పుడు, సుమారు 450 నానోమీటర్ల కాంతి పడితే 482 నానోమీటర్ల దగ్గర బలంగా వెలుగుతుంది. కణజాలం మీద అయితే అది కాంగో రెడ్ అంత నిర్దిష్టం కాదు, వెతకడానికి పనికొస్తుంది కానీ తీర్పు చెప్పడానికి చాలదు. పసుపులోని కర్క్యుమిన్ అమైలాయిడ్‌ను ఆపుతుందా అని మన దేశంలో ఎందరో విద్యార్థులు థయోఫ్లావిన్ టితోనే పరీక్షిస్తున్నారు. వారికి ఒక హెచ్చరిక. కర్క్యుమిన్ తానే ఆ ప్రాంతపు కాంతిని గ్రహిస్తుంది, కాబట్టి వెలుగు తగ్గినంత మాత్రాన పోగులు తగ్గినట్టు కాదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వంటి మరో పద్ధతితో సరిచూసుకోకుండా ఫలితం ప్రకటించకూడదు.

ఏ కంపెనీ కిట్ అయినా చెప్పగలిగేది అమైలాయిడ్ ఉందా లేదా అన్నదే, అది ఏ ప్రొటీన్ అన్నది కాదు. రోగికి మాత్రం అదే ముఖ్యం. ప్లాస్మా కణాలు తయారుచేసే యాంటీబాడీల ముక్కల నుంచి వచ్చే లైట్ చెయిన్ అమైలాయిడ్‌కు కీమోథెరపీ వంటి చికిత్స చేస్తారు. దీర్ఘకాలిక శోథ వల్ల వచ్చే ఏఏ రకానికి అసలు జబ్బును నయం చేయాలి, మన దేశంలో ఏళ్ల తరబడి ముదిరిన క్షయ దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. ట్రాన్స్‌థైరెటిన్ అనే రక్తపు ప్రొటీన్ నుంచి వచ్చే రకానికి మందులే వేరు. ఒకదానికి బదులు మరొకదానికి చికిత్స చేస్తే జరిగే హాని చిన్నది కాదు. పొటాషియం పర్మాంగనేట్‌తో ముందుగా శుద్ధిచేసి ఏఏ రకాన్ని వేరుచేసే పాత పద్ధతి నమ్మదగినది కాదు. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో ప్రొటీన్‌ను గుర్తించడం), అంతకంటే మేలుగా లేజర్‌తో ఆ భాగాన్ని కోసి తీసి చేసే మాస్ స్పెక్ట్రోమెట్రీ (ముక్కల ద్రవ్యరాశిని కొలిచి ప్రొటీన్‌ను గుర్తించడం), ఇవే సరైన దారులు. ఆ పరీక్షలకు కణజాలం మిగలాలి. అందుకే బ్లాకును మొదటిసారి కోసినప్పుడే అదనంగా కొన్ని రంగు వేయని సెక్షన్లు తీసి దాచమని చెబుతాను. కంట్రోల్ సరిగా లేక ఒకే పరీక్షను మళ్లీమళ్లీ చేస్తే, ముల్లుమొనంత ఉన్న బయాప్సీ ముక్క ఆ కోతల్లోనే అయిపోతుంది.

భద్రత విషయంలో కిట్‌కు నిజమైన ఆధిక్యం ఉంది. కాంగో రెడ్ బెంజిడీన్ నుంచి తయారైన రంగు, శరీరంలో విడిపోతే క్యాన్సర్ కారకమైన ఆ బెంజిడీన్‌నే ఇస్తుంది. పొడిని తూచేటప్పుడు ఎగిరే ధూళి పీల్చే ప్రమాదం సిద్ధంగా ఉన్న ద్రావణంలో ఉండదు. ఫ్యూమ్ హుడ్ లేని ల్యాబుకు ఈ ఒక్క కారణం చాలు కిట్ కొనడానికి. చేతితొడుగులు మాత్రం ద్రావణానికీ తప్పనిసరి. వాడేసిన ద్రావణాన్ని సింకులో పారబోయకుండా రసాయన వ్యర్థాల డబ్బాలో చేర్చి, అధీకృత సంస్థకు అప్పగించాలి.

ధర చూస్తే, తరచుగా ఈ పరీక్ష చేసే ల్యాబుకు పొడి కొనుక్కోవడమే చవక. ల్యాబు రంగుల నాణ్యతను పరీక్షించే బయలాజికల్ స్టెయిన్ కమిషన్ ధ్రువీకరణ ఉన్న పొడి తీసుకుంటే విడతకూ విడతకూ తేడా తక్కువగా ఉంటుంది. ఎప్పుడో ఒకసారి చేసేవారు కిట్‌లో అతి చిన్న ప్యాకు తీసుకోవాలి. పెద్ద ప్యాకు మీద వచ్చే తగ్గింపు చివరికి గడువు దాటిన సీసాల్లో పోతుంది. ఆర్డరు పెట్టేముందు లేబుల్ మీద కాంగో రెడ్‌ను గుర్తించే కలర్ ఇండెక్స్ సంఖ్య 22120 ఉందో లేదో, పద్ధతి పుచ్‌ట్లర్‌దో హైమన్‌దో, తయారీ తేదీ ఎప్పటిదో సప్లయర్‌ను అడగండి. కొత్త లాట్ వచ్చిన రోజున పాత లాట్‌తో పాటు ఒకే కంట్రోల్ బ్లాకు మీద రెండింటినీ వేసి, ధ్రువిత కాంతిలో పోల్చి, ఆ తేదీని, లాట్ సంఖ్యను రిజిస్టరులో రాసుకున్నాకే రోగుల స్లైడ్లకు వాడండి.